గృహ శిశు సంరక్షకులకు గ్రాంట్లు (అమెరికా)

గృహ శిశు సంరక్షకులు అనగా తాము నివసించే ఇంటిలోనే ఇతరుల పిల్లలను పగటి వేళ చూసుకొంటూ, అందుకు తల్లిదండ్రుల నుండి ఫీజు తీసుకొనేవారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇది రాష్ట్ర ప్రభుత్వాల పర్యవేక్షణ గల వృత్తి. వాడుకలో దీనిని హోం డేకేర్ అనీ, ప్రభుత్వ పత్రాలలో ఫ్యామిలీ చైల్డ్ కేర్ హోం అనీ అంటారు. ఈ వృత్తిలో ఉన్నవారికి ప్రభుత్వ నిధుల నుండి లభించే, తిరిగి చెల్లించనవసరం లేని ధనసహాయమే గ్రాంటు. ఆ గ్రాంట్ల మూలాలు, అర్హతలు, దరఖాస్తు పద్ధతి, వాటిపై పడే పన్ను ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

గ్రాంటు అనగానే అవసరాన్ని చూసి ఇచ్చే సహాయమని భావించడం సహజం. ఈ రంగంలో అది కొంతవరకే నిజం. దరఖాస్తుదారు పేరు రాష్ట్ర ప్రభుత్వపు జాబితాలో ఉన్నదా, ఇంటి ఖర్చును వృత్తి ఖర్చును వేరుచేసి చూపే లెక్కలు ఉన్నాయా అన్న రెండు ప్రశ్నల తరువాతే అవసరం సంగతి వస్తుంది. నివసించే ఇల్లే పనిచేసే స్థలం కావడం వలన ఈ రెండవ ప్రశ్న ఇతర చిన్న వ్యాపారులకంటే వీరికి చాలా కఠినమైనది.

పదాల మధ్య భేదం

సంరక్షకుల చేతికి వచ్చే ప్రభుత్వ ధనమంతా గ్రాంటు కాదు. తక్కువ ఆదాయం గల తల్లిదండ్రుల తరఫున పిల్లల ఫీజులో కొంత భాగాన్ని రాష్ట్రం చెల్లిస్తే అది సబ్సిడీ. ఆ సొమ్ము సంరక్షకురాలికి చేరినా, చట్టరీత్యా అది ఆ కుటుంబానికి అందిన సహాయం. పిల్లలకు పెట్టిన భోజనానికి లెక్క చూపి తరువాత పొందేది భర్తీ. ఒక నిర్ణీత ప్రయోజనం కోసం నేరుగా సంరక్షకురాలికే మంజూరయ్యేది గ్రాంటు. అప్పు సంగతి చెప్పనవసరం లేదు. అయితే 2020లో కోవిడ్ సమయంలో ఇచ్చిన పేచెక్ ప్రొటెక్షన్ ప్రోగ్రాం అప్పును, నిబంధనల ప్రకారం ఖర్చు చేసినవారికి మాఫీ చేసినందున చాలామంది దానిని కూడా గ్రాంటుగానే గుర్తుంచుకొన్నారు. చిన్న వ్యాపారాల సంస్థ అయిన ఎస్‌బీఏ సాధారణంగా వ్యాపారం ప్రారంభించడానికి గ్రాంట్లు ఇవ్వదు. దాని సహాయం ప్రధానంగా అప్పులు, సలహాల రూపంలోనే ఉంటుంది.

సహాయం ఎందుకు అవసరమైనది

శిశు సంరక్షణలో ఖర్చు తగ్గించే మార్గాలు తక్కువ. ఒక మనిషి ఎందరు పసిపిల్లలను చూడవచ్చునో నిబంధనలు నిర్ణయిస్తాయి, అవి సబబైనవే. ఒక ఇంట్లో ఆరుగురికి అనుమతి ఉంటే ఆరుగురి ఫీజే ఆదాయం. ఒక బిడ్డ మానివేస్తే ఆదాయంలో ఆరవ వంతు పోతుంది, కాని అద్దె, బీమా, విద్యుత్తు బిల్లు అలాగే ఉంటాయి. ఫీజు పెంచితే తల్లిదండ్రులు భరించలేరు, పెంచకపోతే సంరక్షకురాలికి గిట్టుబాటు కాదు. ఉదయం మొదటి బిడ్డ రాకముందే పని మొదలై, చివరి బిడ్డ వెళ్ళిన తరువాత శుభ్రం చేయడం, మరునాటి వంటకు సిద్ధం చేసుకోవడం, లెక్కలు వ్రాసుకోవడంతో ముగుస్తుంది. ఈ చివరి గంటలకు ఫీజు ఇచ్చేవారు ఎవరూ ఉండరు.

2005, 2017 సంవత్సరాల మధ్య అమెరికాలో లైసెన్సు గల చిన్న గృహ సంరక్షణ కేంద్రాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. రాత్రి పనులు, వేళాపాళా లేని ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకు, పల్లె ప్రాంతాల వారికి, నెలల పసికందులు ఉన్నవారికి చాలాచోట్ల ఇటువంటి ఇళ్ళే ఆధారం. అందువలన వీటి తరుగుదలను అరికట్టడం గ్రాంట్ల ఉద్దేశాలలో ఒకటైనది.

చారిత్రక నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో స్త్రీలు కర్మాగారాలలో పనిచేయవలసి వచ్చినపుడు, 1943 నుండి 1946 వరకు లాన్‌హామ్ చట్టం నిధులతో శిశు సంరక్షణ కేంద్రాలు నడిచాయి. యుద్ధం ముగియగానే ఆ నిధులు ఆగిపోయాయి. 1971లో అమెరికా కాంగ్రెసు దేశవ్యాప్త శిశు సంరక్షణ వ్యవస్థకు బిల్లును ఆమోదించగా, అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ డిసెంబరులో దానిని తిరస్కరించాడు. ఆ తిరస్కారం ఫలితం నేటికీ కనిపిస్తుంది: ఆ దేశంలో శిశు సంరక్షణకు ఒకే జాతీయ వ్యవస్థ లేదు, దరఖాస్తు పెట్టుకోవడానికి ఒకే కార్యాలయమూ లేదు.

1990 నవంబరులో అధ్యక్షుడు జార్జి హెచ్. డబ్ల్యు. బుష్ సంతకంతో చైల్డ్ కేర్ అండ్ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్ చట్టం వచ్చింది. ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాలకు ఒక మొత్తంగా నిధి ఇస్తే, రాష్ట్రాలు తమ ప్రణాళిక ప్రకారం పంచుకొనే పద్ధతి ఇది. 1996 సంక్షేమ సంస్కరణల చట్టంతో దీనికి మరికొన్ని నిధులు చేరి, మొత్తానికి చైల్డ్ కేర్ అండ్ డెవలప్‌మెంట్ ఫండ్ అనే పేరు స్థిరపడింది. 2014 నవంబరు 19న బరాక్ ఒబామా సంతకం చేసిన పునరుద్ధరణ చట్టం తనిఖీలు, శిక్షణ, నేర చరిత్ర పరిశీలన విషయాలలో కఠినమైన నియమాలను తెచ్చింది.

ఈ నిధిలో అధిక భాగం సబ్సిడీలకే పోతుంది. కనీసం 9 శాతం సంరక్షణ నాణ్యతను పెంచడానికి, మరో 3 శాతం పసికందుల సంరక్షణ మెరుగుదలకు వినియోగించాలని చట్టం నిర్దేశిస్తున్నది. సంరక్షకులకు లభించే మామూలు గ్రాంట్లు చాలావరకు ఈ చిన్న భాగం నుండే వస్తాయి. మొత్తాలు ఎందుకు చిన్నవిగా ఉంటాయో, కొన్ని నెలలే ఎందుకు తెరచి ఉంటాయో దీనిని బట్టి గ్రహించవచ్చును.

లైసెన్సు, నమోదు

నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. తెలుగువారు అధికంగా నివసించే మూడు రాష్ట్రాలను ఉదాహరణగా చూస్తే తేడా అర్థమవుతుంది.

టెక్సస్‌లో బంధువులు కాని ముగ్గురు పిల్లల వరకు చూసే ఇల్లు లిస్టెడ్ హోం. దినమంతా ఆరుగురిని, బడి వేళల తరువాత మరో ఆరుగురు బడిపిల్లలను చూడగలిగేది రిజిస్టర్డ్ హోం. ఏడుగురి నుండి పన్నెండుగురి వరకు అయితే లైసెన్స్డ్ హోం. కాలిఫోర్నియాలో చిన్న గృహ కేంద్రానికి ఆరుగురు, కొన్ని షరతులతో ఎనిమిది మంది. పెద్ద కేంద్రానికి సహాయకురాలితో కలిసి పన్నెండుగురు, షరతులతో పద్నాలుగు మంది పరిమితి. అక్కడ తమ పిల్లలు కాక మరొక్క కుటుంబం పిల్లలను మాత్రమే చూసేవారికి లైసెన్సు అవసరం లేదు. న్యూజెర్సీలో ఐదుగురి వరకు చూసే ఇంటికి నమోదు ఐచ్ఛికం.

ఈ ఐచ్ఛికం అన్న మాటను జాగ్రత్తగా చదవవలెను. నమోదు లేకుండా పనిచేయడం ఆ పరిమితిలో నేరం కాకపోవచ్చును. కాని గ్రాంట్లలో అధిక భాగం, ఆహార పథకం వంటివి నమోదు లేదా ఆమోదం పొందిన ఇళ్ళకే పరిమితం. పదేళ్ళుగా ఎంతో శ్రద్ధగా పిల్లలను సాకుతున్నా, జాబితాలో పేరు లేని ఇల్లు నిధులు పంచే అధికారికి కనిపించదు. నమోదుకు అయ్యే శ్రమను గ్రాంటు ప్రకటన వెలువడిన తరువాత మొదలుపెడితే గడువులోగా పూర్తికావడం దుర్లభం, ఎందుకంటే శిక్షణ, తనిఖీ, వేలిముద్రల పరిశీలన అన్నీ ముందే జరగాలి.

2014 చట్టం, దానిని అనుసరించి 2016లో వచ్చిన నియమావళి ప్రకారం నేర చరిత్ర పరిశీలన సంరక్షకురాలితో ఆగదు. ఆ ఇంటిలో నివసించే 18 ఏళ్ళు నిండిన వారందరికీ అది వర్తిస్తుంది. భర్త, ఎదిగిన కొడుకు, ఒక గది అద్దెకు తీసుకొన్న విద్యార్థి ఈ లెక్కలోకి వస్తారు. స్వదేశం నుండి వచ్చి కొన్ని నెలలు ఉండే తల్లిదండ్రుల విషయాన్ని లైసెన్సు కార్యాలయానికి ముందుగా తెలిపి, వారి సూచన తీసుకోవడం మంచిది. తనిఖీలో తేలిన లోపాలు చాలా రాష్ట్రాలలో బహిరంగంగా వెబ్‌సైటులో ఉంటాయి, గ్రాంటు పరిశీలకులు వాటిని చూస్తారు.

అద్దె ఇళ్ళలో ఉన్నవారికి మరొక అడ్డంకి ఇంటి యజమాని. కాలిఫోర్నియా చట్టం ప్రకారం యజమానికి 30 రోజుల ముందు వ్రాతపూర్వకంగా తెలిపితే చాలును, డేకేర్ నడుపుతున్నందుకు ఖాళీ చేయించడం కుదరదు. అదే రాష్ట్రంలో 2020 జనవరి 1న అమలులోకి వచ్చిన చట్టం పెద్ద గృహ కేంద్రాలను కూడా నివాస వినియోగంగానే పరిగణించి, నగరపాలక సంస్థలు ప్రత్యేక జోనింగ్ అనుమతులు, రుసుములు కోరకుండా చేసింది. ఇతర రాష్ట్రాలలో ఇంతటి రక్షణ ఉంటుందని అనుకోరాదు.

నిధుల మూలాలు

ఫెడరల్ నిధి అయినా సంరక్షకురాలు వాషింగ్టన్‌కు దరఖాస్తు పంపదు. ప్రతి రాష్ట్రంలో ఒక బాధ్యతాయుత శాఖ ఉంటుంది. టెక్సస్‌లో లైసెన్సు ఇచ్చేది ఆరోగ్య, మానవ సేవల కమిషన్ కాగా, శిశు సంరక్షణ నిధులు టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ ద్వారా, దాని కింద ఉన్న 28 స్థానిక బోర్డుల ద్వారా వస్తాయి. లైసెన్సు ఒకచోట, డబ్బు మరొకచోట ఉండడం కొత్తవారిని తికమక పెడుతుంది. దాదాపు అన్ని రాష్ట్రాలలో చైల్డ్ కేర్ రిసోర్స్ అండ్ రెఫరల్ ఏజెన్సీలు అనే స్థానిక సంస్థలు ఉన్నాయి. ఏ గ్రాంటు ఎప్పుడు తెరుస్తారో చెప్పడం, దరఖాస్తు నింపడంలో తోడ్పడడం, ఉచితంగానో స్వల్ప రుసుముతోనో శిక్షణ ఇవ్వడం వీటి పని. కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవారు మొదట వెళ్ళవలసిన చోటు ఇదే.

ఈ గ్రాంట్లు సాధారణంగా కొత్త కేంద్రం ప్రారంభించడానికి, భద్రతా పరికరాలకు, ఆటవస్తువులు, పుస్తకాలకు, శిక్షణకు, నాణ్యతా శ్రేణిలో పై మెట్టు ఎక్కడానికి ఇవ్వబడతాయి. ఒక ముఖ్యమైన నిషేధం ఉన్నది: చైల్డ్ కేర్ అండ్ డెవలప్‌మెంట్ ఫండ్ సొమ్మును స్థలం కొనడానికి గాని, భవనం కట్టడానికి గాని, పెద్ద మార్పులకు గాని వాడకూడదు. చిన్న మరమ్మతులకు వాడవచ్చును. ఇంటికి అదనపు గది కట్టుకొనేందుకు గ్రాంటు వస్తుందని ఆశించి దరఖాస్తు చేసేవారు ఈ నియమం వద్దనే ఆగిపోతారు.

ఆహార పథకం

చైల్డ్ అండ్ అడల్ట్ కేర్ ఫుడ్ ప్రోగ్రాం సరిగా చెప్పాలంటే గ్రాంటు కాదు, భర్తీ. అయినా పోటీ లేకుండా, ఏడాది పొడవునా లభించే సహాయం కనుక దీనిని విస్మరించరాదు. 1968లో ప్రారంభమైన పిల్లల ఆహార పథకం నుండి ఇది పుట్టింది. 1970ల మధ్యలో గృహ సంరక్షకులకు ప్రవేశం దొరికింది, 1989లో ఇప్పటి పేరు వచ్చింది. దీనిని అమెరికా వ్యవసాయ శాఖ నిర్వహిస్తున్నది.

గృహ సంరక్షకులు ఇందులో నేరుగా చేరలేరు, స్పాన్సరు సంస్థ ద్వారానే చేరాలి. ఒక్కొక్క బిడ్డకు రోజుకు రెండు భోజనాలు ఒక చిరుతిండికి, లేదా ఒక భోజనం రెండు చిరుతిళ్ళకు భర్తీ లభిస్తుంది. 1996 చట్టం గృహాలను రెండు శ్రేణులుగా విభజించింది. తక్కువ ఆదాయ ప్రాంతంలో ఉన్న ఇల్లు, లేదా తక్కువ ఆదాయం గల సంరక్షకురాలి ఇల్లు మొదటి శ్రేణి. ఈ శ్రేణి రేట్లు ఎక్కువ. రేట్లను ఏటా జూలై 1న సవరిస్తారు. సంరక్షకురాలి సొంత పిల్లల భోజనానికి భర్తీ కావాలంటే ఆమె ఆదాయం పరిమితిలో ఉండాలి, ఆ పూట బయటి బిడ్డ ఒక్కరైనా భోజనానికి ఉండాలి.

ఏ పూట ఏమి వండారు, ఎవరెవరు తిన్నారు అని ఆనాటి లెక్క ఆనాడే వ్రాయాలి. స్పాన్సరు సంస్థ ఏడాదికి కనీసం మూడుసార్లు ఇంటికి వచ్చి చూస్తుంది, వానిలో రెండు ముందు చెప్పకుండా వచ్చేవి. శాకాహార భోజనం పెట్టే ఇళ్ళు కూడా ఇందులో చేరవచ్చును. పప్పుదినుసులు, పెరుగు మాంసానికి బదులుగా అంగీకరించబడతాయి, అయితే పరిమాణాలు నిబంధనల ప్రకారం ఉండాలి.

2021 స్థిరీకరణ గ్రాంట్లు

ఈ రంగంలో ఇంతవరకు వచ్చిన గ్రాంట్లలో పెద్దది కోవిడ్ కాలానిది. 2021 మార్చి 11న అధ్యక్షుడు జో బైడెన్ సంతకం చేసిన అమెరికన్ రెస్క్యూ ప్లాన్ చట్టం శిశు సంరక్షణకు దాదాపు 39 వందల కోట్ల డాలర్లు కేటాయించింది. అందులో దాదాపు 24 వందల కోట్లు స్థిరీకరణ గ్రాంట్లకు ఉద్దేశించబడ్డాయి. రెండు లక్షల ఇరవై వేలకు పైగా సంరక్షణ కేంద్రాలకు, గృహాలకు ఇవి చేరినట్లు ఫెడరల్ ఆరోగ్య, మానవ సేవల శాఖ ప్రకటించింది.

అంతకు ముందటి గ్రాంట్లకు వీటికి ముఖ్యమైన తేడా ఒకటున్నది. సాధారణ గ్రాంటు ఒక వస్తువుకో, ఒక శిక్షణకో ఇస్తారు. ఇది నడుపుదల ఖర్చుకే ఇచ్చారు. అద్దె లేదా ఇంటి అప్పు వాయిదా, విద్యుత్తు, నీరు, బీమా, జీతాలు, శుభ్రతా సామగ్రి, మానసిక ఆరోగ్య సహాయం అన్నీ అర్హమైనవే. గృహ సంరక్షకురాలు తనకు తాను జీతంగా కొంత తీసుకోవడానికి కూడా అనుమతి ఉన్నది. తమ పనికి తామే వెల కట్టుకొని కాగితం మీద వ్రాయడం ఎందరికో అదే మొదటిసారి అయి ఉండాలి. ప్రతిగా మూడు హామీలు ఇవ్వవలసి వచ్చింది: ఆరోగ్య సూచనలు పాటిస్తామని, పనివారి జీతాలు తగ్గించబోమని, వీలైనంత వరకు తల్లిదండ్రుల ఫీజు భారం తగ్గిస్తామని.

అర్హతకు కీలకమైన తేదీ చట్టం వచ్చిన రోజే. 2021 మార్చి 11 నాటికి లైసెన్సు, నమోదు లేదా సబ్సిడీ అర్హత ఉన్నవారు దరఖాస్తు చేయడానికి వీలైంది. నమోదు ఐచ్ఛికమని వదిలివేసినవారు దూరమైనది ఇటువంటి చోటనే.

రాష్ట్రాలు ఈ నిధిని 2023 సెప్టెంబరు 30 లోగా ఖర్చు చేయవలసి ఉండగా, ఆ తేదీతో గ్రాంట్లు ముగిశాయి. వెంటనే వేల సంఖ్యలో కేంద్రాలు మూతపడగలవని కొందరు పరిశోధకులు హెచ్చరించారు. అంతటి ఆకస్మిక పతనం కనిపించలేదు గాని, ఫీజుల పెంపు, ఖాళీగా ఉంచిన స్థానాలు చాలాచోట్ల కనిపించాయి. కొన్ని రాష్ట్రాలు సొంత నిధులతో ఇటువంటి సహాయాన్ని కొనసాగించాయి. మసాచుసెట్స్ 2021లో ఫెడరల్ సొమ్ముతో ప్రారంభించిన నెలవారీ గ్రాంటును, 2024లో రాష్ట్ర చట్టం ద్వారా స్థిరపరచుకొన్నది. మిన్నెసోటా 2023లో సంరక్షకుల వేతనాలకు నెలవారీ చెల్లింపులను ప్రారంభించింది.

దరఖాస్తు

దరఖాస్తుకు కోరే పత్రాలు దాదాపు అన్నిచోట్ల ఒకటే: లైసెన్సు సంఖ్య, డబ్ల్యు-9 పన్ను ఫారము, బ్యాంకు ఖాతా వివరం, బీమా పత్రం, ప్రథమ చికిత్స ధ్రువపత్రం, పిల్లల హాజరు పట్టిక, ఖర్చు అంచనా. కొనదలచిన వస్తువుకు దుకాణం ఇచ్చిన ధర పత్రం జతచేయమనడం కూడా ఉన్నది. సోషల్ సెక్యూరిటీ సంఖ్యను ప్రతిచోటా ఇవ్వడం ఇష్టం లేనివారు పన్నుల శాఖ నుండి ఉచితంగా యజమాని గుర్తింపు సంఖ్యను పొంది దానిని వాడవచ్చును. వృత్తికి వేరే బ్యాంకు ఖాతా చట్టరీత్యా తప్పనిసరి కాకపోయినా, గ్రాంటు తీసుకొనేవారికి అది లేకపోవడం తరువాత తలనొప్పి తెస్తుంది.

అవసరాన్ని వివరించే భాగంలోనే దరఖాస్తులు ఎక్కువగా బలహీనపడతాయి. "పిల్లల సర్వతోముఖాభివృద్ధికి సామగ్రి అవసరం" అని వ్రాస్తే చదివే అధికారికి తెలిసేదేమీ లేదు. దానికి బదులు ఇలా వ్రాయవచ్చును: "లైసెన్సు ప్రకారం ఆరుగురిని చూడవచ్చును. ప్రస్తుతం నలుగురు ఉన్నారు. ఏడాది లోపు పిల్లలకు తొట్టెలు రెండే ఉన్నందున మరో ఇద్దరిని తీసుకోలేకపోతున్నాను. రెండు తొట్టెలు, వాటి పరుపులు కొంటే నెల రోజులలో ఆ స్థానాలు నిండగలవు." ఇందులో అలంకారం లేదు. ఎంత లోటు ఉన్నది, ఎంత అడుగుతున్నారు, ఫలితమేమిటి అన్న మూడూ ఉన్నాయి. తొట్టెల ఉదాహరణలో ఒక నియమాన్ని కూడా గుర్తుంచుకోవాలి. పక్క కిందికి జారే పాత తరహా తొట్టెలు 2011 జూన్ 28 నుండి అమ్మకానికి, 2012 డిసెంబరు 28 నుండి డేకేర్‌లలో వాడకానికి నిషేధించబడ్డాయి. ఎవరో ఇచ్చిన పాత తొట్టెను జాబితాలో చూపితే తనిఖీలోనే తప్పు పట్టవచ్చును.

అంచనాలో గుండు సంఖ్యలు వేయడం పరిశీలకునికి అనుమానం కలిగిస్తుంది. ధర 389 డాలర్లయితే 389 అనే వ్రాయాలి, 400 అని కాదు. మంజూరైన తరువాత రశీదులు ఎన్నేళ్ళు దాచాలో ఒప్పందంలో ఉంటుంది. ఒప్పందంలో లేని దానికి ఖర్చు చేసినా, గడువులోగా కేంద్రం మూసివేసినా సొమ్ము తిరిగి ఇవ్వమని కోరే షరతు కొన్ని గ్రాంట్లకు ఉన్నది. గ్రాంటు తిరిగి చెల్లించనవసరం లేనిదన్న నిర్వచనానికి ఇదొక మినహాయింపు. కనుక సంతకానికి ముందు ఈ భాగాన్ని చదవవలెను.

ఆదాయపు పన్ను

గృహ సంరక్షకులకు వచ్చే గ్రాంటు సాధారణంగా వ్యాపార ఆదాయమే. స్థిరీకరణ గ్రాంట్లు కూడా పన్నుకు లోబడినవే. ఏకవ్యక్తి వ్యాపారంగా నడిపేవారు దీనిని షెడ్యూల్ సి ఫారములో చూపాలి. ఆదాయపు పన్నుకు తోడు 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను కూడా పడుతుంది. గ్రాంటు నుండి తనకు తాను తీసుకొన్న జీతం ఏకవ్యక్తి వ్యాపారంలో ఖర్చుగా లెక్కకు రాదు.

ఇంటి ఖర్చులలో వృత్తి భాగాన్ని తేల్చడానికి టైమ్-స్పేస్ శాతం అనే లెక్క ఉన్నది. ఇతర వృత్తులవారు ఇంట్లో ఒక గదిని పూర్తిగా పనికే కేటాయిస్తే తప్ప ఆ ఖర్చు చూపలేరు. డేకేర్ నడిపేవారికి మాత్రం ఆ నియమం సడలించబడింది. గదిని క్రమం తప్పకుండా వాడితే చాలును, రాత్రి అదే గదిలో కుటుంబం కూర్చొన్నా ఇబ్బంది లేదు. అయితే లైసెన్సు ఉండడమో, దానికి దరఖాస్తు చేసి ఉండడమో, చట్టరీత్యా మినహాయింపు ఉండడమో అవసరం.

ఒక లెక్క చూద్దాం. ఇల్లు 2,000 చదరపు అడుగులు, అందులో డేకేర్‌కు క్రమంగా వాడే భాగం 1,600, అనగా 80 శాతం. ఏడాదిలో 250 రోజులు, శుభ్రపరచే సమయం కూడా కలిపి రోజుకు 12 గంటల చొప్పున 3,000 గంటలు. ఏడాదిలో మొత్తం గంటలు 8,760. 3,000ను 8,760తో భాగిస్తే 34.25 శాతం. దానిని 80 శాతంతో హెచ్చిస్తే 27.4 శాతం. ఇంటి అద్దె, విద్యుత్తు వంటి ఉమ్మడి ఖర్చులలో ఇంత భాగం వృత్తి ఖర్చుగా చూపవచ్చును.

ఇప్పుడు పెరటికి కంచె వేయడానికి 4,000 డాలర్ల గ్రాంటు వచ్చిందనుకొందాం. మొత్తం 4,000 ఆదాయం. కాని ఆ కంచె సాయంత్రాలు, సెలవు రోజులలో కుటుంబానికి కూడా పనికి వస్తుంది కనుక ఖర్చుగా చూపగలిగేది 27.4 శాతం, అనగా 1,096 డాలర్లు. అది కూడా తరుగుదల నియమాలకు లోబడి. మిగిలిన 2,904 డాలర్లపై పన్ను పడుతుంది, ఒక్క స్వయం ఉపాధి పన్నే సుమారు 410 డాలర్లు. చేతిలో సొమ్ము అంతా కంచెకు ఖర్చయి ఉండగా ఏప్రిల్‌లో ఈ బిల్లు వస్తే నిర్ఘాంతపోక తప్పదు. పిల్లలు మాత్రమే వాడే బొమ్మలు, చిన్న బల్లలు, నిద్ర చాపల మీద అదే సొమ్మును వెచ్చిస్తే పూర్తి ఖర్చు చూపవచ్చును. ఎంపిక ఉన్నచోట గ్రాంటును ఇటువంటి వాటికి, సొంత ఆదాయాన్ని ఉమ్మడి వస్తువులకు వాడడం వివేకం.

సొమ్ము అందిన సంవత్సరం కూడా ముఖ్యమే. డిసెంబరులో గ్రాంటు జమ అయి, ఫిబ్రవరిలో వస్తువులు కొంటే, నగదు పద్ధతిలో లెక్కలు చూపేవారికి ఆదాయం ఒక ఏడాదిలోను, ఖర్చు మరొక ఏడాదిలోను పడతాయి. పైగా ఈ ఆదాయం కుటుంబపు మొత్తం ఆదాయంలో కలవడం వలన ఆదాయ పరిమితి గల ఇతర సహాయాలపై ప్రభావం ఉండవచ్చును. పన్ను నిపుణుని సలహా గ్రాంటు ఖర్చు కాకముందే తీసుకోవాలి.

తెలుగువారు

అమెరికాలో ఇంట తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010, 2017 మధ్య 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఈ కుటుంబాలలో, తెలుగు మాట వినిపించే, పప్పన్నం పెట్టే ఇంట బిడ్డను వదలాలనే కోరిక సహజమైనది. ఇటువంటి ఏర్పాట్లలో కొన్ని పరిచయాల మీద, నోటిమాట మీదనే నడవడం వలన నమోదు ప్రసక్తి రాకుండా పోతుంది.

ఇక్కడ వీసా నియమాలను కూడా చూడాలి. హెచ్-4 వీసాపై ఉన్న జీవిత భాగస్వామి పని అనుమతి పత్రం లేకుండా సొంత ఇంట్లోనైనా ఫీజు తీసుకొని పిల్లలను చూడడం ఉద్యోగం కిందికే వస్తుంది. 2015 మే 26న అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, హెచ్-1బి భాగస్వామి గ్రీన్ కార్డు ప్రక్రియ నిర్ణీత దశకు చేరితే ఈ అనుమతి కోరవచ్చును. అది లభించినవారు స్వయం ఉపాధి కూడా చేసుకోవచ్చును. సందర్శకుల వీసాపై వచ్చిన అమ్మమ్మ, నాయనమ్మలు తమ మనుమలను చూసుకోవడం వేరు, పొరుగింటి పిల్లలను డబ్బుకు చూడడం వేరు. రెండవది వీసా నిబంధనలకు విరుద్ధం. గ్రాంటు దరఖాస్తులో ఇచ్చే వివరాలు ప్రభుత్వ రికార్డులో నిలిచిపోతాయి కనుక, అనుమతి విషయం తేల్చుకొనకుండా దరఖాస్తు చేయరాదు.

మోసాలు

గ్రాంటు మంజూరైందని, ముందుగా ప్రాసెసింగ్ ఫీజు కట్టమని ఫోను ద్వారా గాని సందేశం ద్వారా గాని వచ్చేవి మోసాలు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ విషయమై పలుమార్లు హెచ్చరించింది. ప్రభుత్వ గ్రాంటుకు దరఖాస్తు చేయడానికి గాని, అందుకోవడానికి గాని రుసుము ఉండదు. దరఖాస్తు చేయని గ్రాంటు మంజూరు కాదు. గిఫ్టు కార్డుల రూపంలో చెల్లించమనే ప్రభుత్వ కార్యాలయం లేదు. దరఖాస్తు వ్రాసిపెట్టి, వచ్చిన గ్రాంటులో వాటా కోరేవారు కూడా ఉన్నారు. ఆ వాటాను గ్రాంటు సొమ్ము నుండి ఇవ్వడానికి ఒప్పందాలు సాధారణంగా ఒప్పుకోవు. అటువంటి సహాయాన్నే స్థానిక రిసోర్స్ అండ్ రెఫరల్ ఏజెన్సీలో రుసుము లేకుండా పొందవచ్చును.